40 జీబీపీఎస్ కేబుల్ కొంటే పెళ్లి డేటా తొందరగా కాపీ అవుతుందా?

ప్రశ్న: నాకు అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, సీమంతాలు, పుట్టినరోజులు చేస్తాం. పెద్ద పెళ్లి అయితే రెండు కెమెరాలు కలిపి 250 జీబీ దాకా డేటా వస్తుంది. ఈ మధ్యే కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నా. దీనికి 40 జీబీపీఎస్ టైప్-సి పోర్టు ఉంది, పాతదానికంటే ఎన్నో రెట్లు స్పీడు అని చెప్పి అమ్మారు. తీరా చూస్తే కార్డులోంచి హార్డ్‌డిస్కులోకి వేసుకోవడానికి పాత ల్యాప్‌టాప్‌లో ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతోంది. షాపులో అడిగితే ‘కేబుల్ మార్చాలన్నా, 40 జీబీపీఎస్ కేబుల్ వేస్తేనే ఆ స్పీడు వచ్చేది’ అంటున్నారు. అది రెండున్నర వేలు. బెంగళూరులో ఇంజినీరింగ్ చదివే మావాడేమో ‘80 జీబీపీఎస్ వచ్చేసింది నాన్నా, ఇప్పుడెందుకు కొనడం, ఆగు’ అంటాడు. ఇట్లా ఎప్పటికప్పుడు కొత్తది తెస్తూ పోతే మాలాంటివాళ్లం ఎన్నని కొనాలి? అసలు ఇంత స్పీడు మనకు అవసరమా? ఇంకో మాట, ఇంట్లో సి పిన్ కేబుళ్లు నాలుగున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఒక్కదానితోనే ఫోను ఫాస్ట్‌గా ఛార్జ్ అవుతుంది. ఎందుకట్లా?
– ఒక ఫొటోగ్రాఫర్, అనంతపురం

సమాధానం: ఆ రెండున్నర వేలు జేబులోనే ఉంచుకోండి. 80 కోసం ఆగాల్సిన పనీ లేదు. మీ పని నిలిచిపోతున్నది ల్యాప్‌టాప్ పోర్టు దగ్గర కాదు.

ముందు ఒక చిన్న లెక్క. పోర్టుల మీద, కేబుళ్ల మీద రాసేది గిగాబిట్లలో. మీరు కాపీ పెట్టినప్పుడు విండోస్ చూపించేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 40 జీబీపీఎస్ అంటే సెకనుకు 5 జీబీ. అంకె అక్కడే ఎనిమిదో వంతుకు దిగిపోయింది. అయినా సెకనుకు 5 జీబీ అంటే తక్కువేం కాదు. మీ 250 జీబీ నిమిషం లోపే అయిపోవాలి. ఎందుకు కావడం లేదంటే, అంత వేగంగా ఇచ్చేది గానీ పుచ్చుకునేది గానీ మీ దగ్గర లేదు. రెండించుల నీళ్లు పడ్డ బోరుకు ఆరించుల పైపు వేసినా చేనికి పారేది రెండించుల నీళ్లే. ఈ సంగతి మన జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మీ డేటా నడిచే దారి చూద్దాం. కెమెరా కార్డు, కార్డు రీడరు, దాని వైరు, ల్యాప్‌టాప్, అక్కడి నుంచి మళ్లీ వైరు, చివర హార్డ్‌డిస్కు. వీటిలో ఏది నిదానమో మొత్తం పని ఆ లెక్కనే నడుస్తుంది.

మొదట కార్డు. ఎక్కువ మంది వాడే ఎస్‌డీ కార్డులు యూహెచ్‌ఎస్-1 రకానివి. ఆ పద్ధతికి పెట్టిన గరిష్ఠ హద్దు సెకనుకు 104 ఎంబీ. వాడకంలో మంచి కార్డుకు 90 దాకా వస్తుంది. కొన్ని కంపెనీలు తమ సొంత రీడరుతో ఈ హద్దు దాటిస్తాయి గానీ మామూలు రీడరులో పెడితే మళ్లీ ఇదే లెక్క. యూహెచ్‌ఎస్-2 కార్డు అయితే హద్దు 312 ఎంబీ. దాన్ని గుర్తుపట్టడం సులువు. కార్డు వెనక్కి తిప్పితే బంగారు రంగు పిన్నులు ఒక వరసకు బదులు రెండు వరసలుంటాయి. కెమెరా, రీడరు రెండూ ఆ రకానివైతేనే దానికి పెట్టిన డబ్బుకు ఫలితం.

మీది మామూలు కార్డే అనుకుందాం. 250 జీబీని సెకనుకు 90 ఎంబీ చొప్పున చదవడానికి సుమారు 46 నిమిషాలు. దీనికి 10 జీబీపీఎస్ కేబుల్ వేసినా 46 నిమిషాలే, 40 వేసినా అంతే. మీవాడు చెప్పే 80 వేసినా ఒక్క నిమిషం తగ్గదు.

తర్వాత హార్డ్‌డిస్కు. జేబులో పట్టే చిన్న హార్డ్‌డిస్కు లోపల ఇప్పటికీ పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. పెద్ద ఫైలు రాసేటప్పుడు సెకనుకు 100 నుంచి 130 ఎంబీ వస్తే అది బాగా పనిచేస్తున్నట్టే. డిస్కు నిండేకొద్దీ ఆ వేగం ఇంకా తగ్గుతుంది. వేల కొద్దీ చిన్న చిన్న ఫొటోలు ఒకేసారి వేస్తే మరీ తగ్గుతుంది. దాని డబ్బా మీద యూఎస్‌బీ 3.0 అని ఉంటుంది, అంటే 5 జీబీపీఎస్. వాడకంలో 400 ఎంబీకి పైగా మోయగల దారి అది. 2008లో వచ్చిన ఆ దారినే మీ హార్డ్‌డిస్కు ఇప్పటికీ సగం కూడా నింపలేకపోతోంది.

ఇంకో తమాషా ఉంది. షాపువాళ్లు చూపించే 40 జీబీపీఎస్ కేబులుకు రెండు కొసలా సి పిన్నే ఉంటుంది. మీ హార్డ్‌డిస్కుకు ఉండేది బహుశా ఆ వెడల్పాటి పిన్ను, పక్కపక్కన రెండు ముక్కలు అతికించినట్టు ఉంటుందే, అదై ఉండాలి. అందులోకి సి పిన్ దూరదు. కార్డు రీడర్లలో చాలావాటికి వైరు కలిసే వస్తుంది. అంటే రెండున్నర వేలు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాక ఆ కేబులును దేనికి పెడతారు? షాపువాళ్లు మోసం చేస్తున్నారని నేననను. డబ్బా మీద ఉన్న అంకెను వాళ్లూ నమ్మే ఉంటారు. కాకపోతే మీ హార్డ్‌డిస్కూ రీడరూ వెంట తీసుకుపోయి, ‘మీ కేబుల్ వేసి ఒక పెద్ద ఫైలు కాపీ చేసి చూపించండి, స్పీడు పెరిగితే ఇప్పుడే డబ్బులిస్తా’ అనండి. తగువేమీ లేకుండా విషయం అక్కడే తేలిపోతుంది.

అయితే కేబుల్ వల్ల ఎప్పుడూ నష్టం ఉండదని కాదు, ఉంటుంది. ఆ వెడల్పాటి సాకెట్లో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ ఛార్జింగ్ వైరు కూడా ఒక పక్కన సరిగ్గా కూర్చుంటుంది, పని కూడా చేస్తుంది. అసలు వైరు కనబడనప్పుడు ఎవరో ఒకరు దాన్నే పెట్టేస్తారు. అలా పెడితే యూఎస్‌బీ 2.0 వేగమే, అంటే వాడకంలో సెకనుకు 35 నుంచి 40 ఎంబీ. 46 నిమిషాల పని గంటా యాభై నిమిషాలకు పోతుంది. ఫోనుతో వచ్చిన సి పిన్ ఛార్జింగ్ కేబులుతో రీడరునో ఎస్‌ఎస్‌డీనో (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే రాసే డ్రైవు) కలిపినా ఇంతే. ఛార్జింగ్ కేబుళ్లలో ఎక్కువవాటి లోపల వేగంగా డేటా మోసే తీగలే ఉండవు. ఆపిల్ కంపెనీ అమ్మే 240 వాట్ల సి కేబులే చూడండి, కరెంటు అంత మోస్తుంది గానీ డేటా మాత్రం యూఎస్‌బీ 2.0 వేగమే. ధర చూసో, లావు చూసో కేబులు అంచనా వేయలేం.

కాబట్టి కొనడానికి ముందు కొలవండి. ఒక పెద్ద వీడియో ఫైలు తీసుకోండి, ఫొటోల ఫోల్డరు వద్దు. ముందు దాన్ని కార్డు నుంచి ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీదికి కాపీ పెట్టి, కాపీ పెట్టెలో కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కితే పచ్చటి గ్రాఫు, పక్కనే అంకె కనబడతాయి. మొదటి పది సెకన్లు వదిలేయండి, అప్పుడు చూపే అంకెకు అర్థం లేదు. తర్వాత నిలకడగా ఏది ఉందో రాసుకోండి. ఆ తర్వాత అదే ఫైలును డెస్క్‌టాప్ నుంచి హార్డ్‌డిస్కులోకి వేసి మళ్లీ రాసుకోండి. 40 ఎంబీ దగ్గర ఆగిపోతే దారిలో ఎక్కడో యూఎస్‌బీ 2.0 దూరింది. వైరు కావచ్చు, చవక రీడరు కావచ్చు, మధ్యలో పెట్టిన హబ్బు కావచ్చు. 90 దగ్గర ఉంటే కార్డు తన పని తాను చేస్తోంది. హార్డ్‌డిస్కుకు 110 వస్తే దాన్ని ఇంకేం అనడానికి లేదు. హార్డ్‌డిస్కు జోరుగా మొదలై కాసేపటికి ముప్పైకో ఇరవైకో పడిపోతుంటే డిస్కు దాదాపు నిండిపోయి ఉండొచ్చు, లేదా అది ఒకదాని మీదొకటి ఎక్కించినట్టు గీతలు రాసే రకం అయి ఉండొచ్చు. ఎక్కువ డేటా చవగ్గా పట్టడానికి కంపెనీలు ఎంచుకున్న పద్ధతి అది. ఏకబిగిన రాస్తూ పోతే అవి డస్సిపోతాయి.

ఇక పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగింది చెబుతా. కార్డు నుంచి నేరుగా హార్డ్‌డిస్కులోకి వేయకండి. ల్యాప్‌టాప్ లోపలున్న ఎస్‌ఎస్‌డీలోకి వేయండి. రెండు కెమెరాలవి రెండు కార్డులు కదా, రెండు రీడర్లు పెట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. ఒక్కో కార్డులో 125 జీబీ ఉంటే రెండూ కలిపి 23, 24 నిమిషాల్లో అయిపోతాయి. రెండో రీడరు వెల మీకు చెప్పిన కేబులు వెల కంటే బాగా తక్కువ. మిగిలిన హార్డ్‌డిస్కు కాపీ రాత్రి పెట్టి పడుకోండి, దానికి గంట పడితే మీకేం, రెండు గంటలు పడితే మీకేం.

నిజంగా డబ్బు పెట్టాలనుంటే 10 జీబీపీఎస్ రకం పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. వాడకంలో సెకనుకు 900 ఎంబీ పైన వచ్చే రకాలున్నాయి. ల్యాప్‌టాప్ నుంచి దానిలోకి 250 జీబీ అయిదారు నిమిషాల పని. మరీ చవకవి కొంత దూరం పరుగెత్తి సగంలో నీరసిస్తాయి, అందుకని కొనేముందు నింపుతూ పోతే ఎంత వేగం నిలుస్తుందో చూపించిన రివ్యూ ఒకటి వెతుక్కోండి. ఎస్‌ఎస్‌డీలో ఆ నెల పెళ్లిళ్ల పని పెట్టుకుని, ఆల్బమ్ ఇచ్చేశాక హార్డ్‌డిస్కులోకి పంపేయండి. ఎన్నేళ్ల పెళ్లిళ్లో దాచుకోవడానికి హార్డ్‌డిస్కే చవక, దాన్ని తీసిపారేయకండి. ఎస్‌ఎస్‌డీ డబ్బాలో వచ్చిన పొట్టి కేబులునే వాడండి. అది పొట్టిగా ఉందని విసుక్కుంటారు గానీ, వేగం పెరిగేకొద్దీ మామూలు కేబులు పొడవు తగ్గించాల్సిందే. 40 జీబీపీఎస్ మోసే సాధారణ సి కేబులు మూరన్నర పైన కాస్త, అంటే 80 సెంటీమీటర్ల దాకానే ఉంటుంది.

మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు వస్తాను. ఎవరికోసం ఇదంతా? యూఎస్‌బీ 1996లో వచ్చినప్పుడు దాని పైవేగం 12 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 12 మెగాబిట్లు. దాంతో మీ ఒక్క పెళ్లి డేటా కాపీ కావడానికి దాదాపు రెండు రోజులు పట్టేది. 2000లో 480 ఎంబీపీఎస్, 2008లో 5 జీబీపీఎస్, 2013లో 10, 2017లో 20, 2019లో 40, 2022లో 80. అందుకని ‘ఇంత స్పీడు ఎవరికి’ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. 2000లో అక్కడే ఆగి ఉంటే ఈరోజు మీ స్టూడియో నడవదు. దారి ముందు పడాలి, బండ్లు తర్వాత వస్తాయి. కానీ 2013 నాటి 10 జీబీపీఎస్ తర్వాత వచ్చినదాంట్లో మన ఇళ్లలో తేడా తెలిసేది చాలా తక్కువ.

ఆ పై అంకెలను ముందుకు తోసింది ఎక్కువగా స్క్రీన్లు. ఫుల్ హెచ్‌డీ మానిటరుకు సెకనుకు 60 బొమ్మలు పంపాలంటే సుమారు 3 జీబీపీఎస్ చాలు. 4కే మానిటరుకు 12. డెస్కు మీద అలాంటివి రెండు పెట్టి, ఎస్‌ఎస్‌డీ, నెట్టు, ఛార్జింగ్ అన్నీ ఒకే సి కేబులు మీద లాక్కునేవాళ్లకు 40 పనికొస్తుంది. బయట పెట్టుకునే గ్రాఫిక్స్ కార్డు వాడేవాళ్లు, పెద్ద సినిమా ఫుటేజీని బయటి డ్రైవు మీదే పెట్టి ఎడిట్ చేసేవాళ్లు 80 అడుగుతారు, వాళ్లకది వృథా కాదు. మీ పెళ్లి వీడియోల లెక్క వేరు. మామూలు కెమెరా 4కే వీడియో 100 ఎంబీపీఎస్ దగ్గర రాస్తుంది, అంటే సెకనుకు 12.5 ఎంబీ. మూడు కెమెరాలు ఒకేసారి టైమ్‌లైన్ మీద పరిచినా 40 ఎంబీ దాటదు. ఎడిటింగ్‌లో తలంబ్రాల సీను ఆగి ఆగి నడుస్తుంటే అది పోర్టు లోపం కాదు. ర్యామ్ చాలకనో, గ్రాఫిక్స్ చాలకనో, లేదా బాగా కుదించి రాసే హెచ్.265 రకం ఫైళ్లను విప్పలేక ప్రాసెసరు ఆపసోపాలు పడటమో అయి ఉంటుంది. ప్రాక్సీ ఫైళ్లు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు, చేసుకుని ఎడిట్ చేస్తే హాయిగా నడుస్తుంది, అందుకు ఖర్చేమీ లేదు.

టీవీ షాపుల్లో హెచ్‌డీఎంఐ కేబుళ్ల మీద రాసే ‘8కే’ కూడా ఇలాంటిదే. సెట్‌టాప్ బాక్సు నుంచి 4కే టీవీకి 2013 నాటి 18 జీబీపీఎస్ రకమే సరిపోతుంది.

నాకు కోపం తెప్పించేది వేగం కాదు, పేర్లు. 5 జీబీపీఎస్‌ను మొదట యూఎస్‌బీ 3.0 అన్నారు. తర్వాత దాన్నే 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. సరుకు మారలేదు, పేరు రెండుసార్లు మారింది. ‘3.2’ అని చూసి కొత్తదనుకుని కొన్నవాళ్లు ఎంతమందో. చివరికి ఆ ప్రమాణాలు చూసే సంస్థే 2022లో ఈ జెన్‌ల గొడవ వదిలేసి, డబ్బాల మీద 5, 10, 20, 40 జీబీపీఎస్ అని సూటిగా అంకె వేయమని కంపెనీలకు చెప్పింది. కేబుళ్ల మీద జీబీపీఎస్, వాట్లు రెండూ వేసే గుర్తులూ ఉన్నాయి. బజారులో దొరికే కేబుళ్లలో ఎన్నింటికి ఆ గుర్తు ఉంటుందో మీకే తెలుసు. కొత్తగా 80 కావాలా అని అడిగితే, ముందు ఉన్నవాటి మీద ఏది ఎంతో స్పష్టంగా రాయమంటాను నేను.

మీ ఇంట్లో నాలుగు కేబుళ్ల కథ కూడా ఇదే. సి పిన్ 2014లో వచ్చింది, ఎటు తిప్పినా దూరుతుంది, మనకు నిజంగా మేలు చేసింది అదే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు అది తప్పనిసరి చేశారు. కానీ పిన్ ఒకటైనంత మాత్రాన లోపలి తీగలు ఒకటి కావు. మామూలు సి టు సి కేబులు 3 ఆంపియర్ల దాకా, అంటే 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి మోయాలంటే కేబులు పిన్నులో ఒక చిన్న చిప్ ఉండాలి. ‘నేను 5 ఆంపియర్లు తట్టుకోగలను’ అని ఛార్జరుకు చెప్పేది అదే. చిప్ లేకపోతే ఛార్జరు పెద్దదైనా భద్రత కోసం తగ్గించే ఇస్తుంది. ఇదిగాక కొన్ని ఫోన్ కంపెనీలు తమ సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి పెట్టుకున్నాయి. వాటికి వాళ్ల ఛార్జరూ వాళ్ల కేబులూ జత కలిస్తేనే డబ్బా మీద రాసిన వాట్లు వస్తాయి. మీ ఇంట్లో ఫాస్ట్‌గా పనిచేస్తున్న ఆ ఒక్కటీ ఫోనుతో వచ్చినదై ఉంటుంది. దాని మెడకు ఎర్ర టేపు చుట్టండి. మిగతా మూడింటిని రాత్రి ఛార్జింగుకు వాడుకోవచ్చు, పారేయకండి.

మీ అబ్బాయితో పేచీ పెట్టుకోకండి. 80 జీబీపీఎస్ వచ్చిందన్నది నిజమే. దానికోసం ఆగితే మీకు ఒరిగేదేమీ లేదు, అంతే. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ పోర్టు పాత సామాన్లన్నింటితోనూ వాటి వాటి వేగంలో పనిచేస్తుంది, రేపు వేగమైన ఎస్‌ఎస్‌డీ తెచ్చినా తట్టుకుంటుంది. కొన్నది వృథా పోలేదు.

పైన చెప్పిన రెండు అంకెలు రాసుకున్నాక, సరైన వైరు పెట్టి హబ్బు తీసేసినా 40 ఎంబీ దాటకపోతే నాకు మళ్లీ రాయండి. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు, ఏ పక్క పోర్టులో పెట్టారో కూడా రాయండి. ఒకే ల్యాప్‌టాప్‌కు ఉన్న రెండు సి పోర్టుల్లో ఒకటి 40 జీబీపీఎస్, రెండోది అంతకు బాగా తక్కువ ఉండటం మామూలే. అవతలి పక్క పోర్టులోకి మార్చి చూడటంతోనే సరిపోవచ్చు.